నమూనా రగ్గు

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇకమీదట జ్వరం వచ్చినవాళ్లు తప్ప ఇంకెవ్వరూ వణకరని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. రగ్గుల నాణ్యత పెంచడానికి మిల్లు దగ్గర్నుంచి మంచం దాకా మొత్తం సప్లై చైన్‌నీ, దాని బిజినెస్ ఎన్విరాన్‌మెంట్‌నీ కూలంకషంగా విశ్లేషించబోతున్నామన్నారు. ఇంత పెద్ద మాటను ఆయన కాగితం చూడకుండా, ఏకబిగిన అన్నారు. విలేకరులు ముగ్ధులైపోయి దాని అర్థం అడగడం మరిచిపోయారు.

దీనికంతటికీ కారణం ఒక ఫొటో. పెద్దాస్పత్రిలో ఒక రోగి తల మీదుగా రగ్గు ముసుగు పెట్టుకుని, ఆ రగ్గులోంచే పేపరు చదువుకుంటున్న ఫొటోను ఒక పత్రిక మొదటి పేజీలో వేసింది. రోగి కళ్లజోడు, కనుబొమలు, ముఖంలోని విసుగు అన్నీ రగ్గులోంచి చక్కగా కనబడుతున్నాయి. ఆయన చదువుతున్నది మంత్రిగారి పుట్టినరోజు ప్రత్యేక సంచిక కావడం కేవలం యాదృచ్ఛికమని పత్రికవాళ్లు తర్వాత సంజాయిషీ చెప్పుకున్నారు.

వెంటనే కమిటీ వేశారు. స్టోర్స్ ఆఫీసరును దానికి కన్వీనర్‌ని చేశారు. ఇన్నేళ్లుగా ఆ రగ్గుల్ని కొన్నది ఆయన శాఖే. తప్పు వెతికే కమిటీలో తప్పుతో ముఖపరిచయం ఉన్నవాడు ఒకడుండాలన్నది మంత్రిగారి దూరదృష్టి.

ఆఫీసరుకు ఈ పనిలో సొంత గరజు కూడా ఉంది. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని ఎత్తుకుని పెంచిన పిన్ని, స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని అదే ఆస్పత్రిలో తలుపు పక్క మంచం మీద ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా చలిగాలి నేరుగా ఆవిడ కాళ్ల మీదికే వచ్చేది. ఇంట్లోంచి మంచి రగ్గు తెచ్చి కప్పుదామంటే, బయటి రగ్గులు వార్డులోకి తేకూడదన్న రూలుంది. సర్కారు రగ్గుల పరువు కాపాడటానికి, ఇన్‌ఫెక్షన్ పేరు చెప్పి ఆ రూలు పెట్టింది ఈ ఆఫీసరే. ఇప్పుడా రూలును తిట్టుకుందామన్నా పక్కన మనుషులున్నారు.

"ఒరే నాన్నా, ఇది రగ్గా, దోమతెరా?" అని అడిగింది పిన్ని.

"కమిటీ వేశారు పిన్నీ. త్వరలోనే మంచి రగ్గు వస్తుంది. నాదీ పూచీ."

"అప్పటిదాకా కమిటీని కప్పుకోమంటావా?"

ఆఫీసరు ఆ పల్చటి రగ్గునే పైకి లాగి, కాళ్లు చలికి వదిలేసి మెడ కప్పి, కమిటీ పనిమీద బయల్దేరాడు.

కమిటీకి ప్రాణం కన్సల్టెంటు. సూటు వేసుకున్న మనిషి. ఏది చూసినా దాని పేరు నోటుబుక్కులో రాసి, చుట్టూ ఒక సున్నా గీసి, పక్కన బాణం గుర్తు పెట్టేవాడు. మిల్లులో అడుగుపెట్టగానే యజమాని చుట్టూ కూడా మర్యాదగా ఒకటి గీశాడు.

మిల్లు యజమాని వాళ్లకు ఒక రగ్గు చూపించాడు. ఏం రగ్గండీ అది! అరచెయ్యి పెడితే చాలు, మోచెయ్యి దాకా వెచ్చబడింది. ఆఫీసరుకు పిన్ని కాళ్లు గుర్తొచ్చి, రెండో చెయ్యి కూడా దాని మీద పెట్టాడు. కన్సల్టెంటు కూడా చలించిపోయి చేతిలోని కాఫీ దాని అంచు మీద ఒలకబోశాడు.

"ఇది నమూనా అండీ. టెండరుకి చూపించేది," అన్నాడు యజమాని. "దీనికి నేతగాడే వేరు."

"మిగతావి కూడా ఇలాగే నేయొచ్చు కదండీ?" అన్నాడు ఆఫీసరు.

యజమాని అతన్ని జాలిగా చూశాడు. "అన్నీ ఇలాగే ఉంటే, ఇక దీన్ని నమూనా అని ఎలా అంటామండీ?"

ఆ తర్కానికి కన్సల్టెంటు తల పంకించి, దాని చుట్టూ రెండు సున్నాలు గీశాడు.

అక్కణ్ణుంచి కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లారు. మెత్తటి సోఫాలో కూరుకుపోయి కూర్చున్న కాంట్రాక్టరు, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ ఏమీ బాగాలేదని వాపోయాడు. మాటిమాటికీ తనిఖీలంటారట, సరుకు విప్పి చూపించమంటారట, మనిషి మీద నమ్మకమే లేకుండా పోయిందట. నాణ్యత మాత్రం తన గుమ్మం దాటేదాకా చెక్కుచెదరదని చెప్పి, లోపల్నుంచి ఒక రగ్గు తెప్పించాడు. వెచ్చటి, మందపాటి రగ్గు. దాని అంచు మీద కాఫీ మరక ఉంది.

ఆఫీసరు కిటికీలోంచి చూశాడు. మిల్లు వ్యాను వాకిట్లో నిలబడి ఉంది. డ్రైవరు రొప్పుతూ మంచినీళ్లు తాగుతున్నాడు.

గోదాములోనూ అదే జరిగింది. తన దగ్గర ఎలుకల బెడద ఉన్నమాట నిజమేననీ, అవి రుచి తెలిసిన ఎలుకలు కావడంతో ఉన్ని ఒక్కటే తిని నూలు వదిలేస్తాయనీ గోదాము కీపరు వివరించాడు. ఎలుకలకు అందకుండా కాపాడుకున్న సరుకంటూ ఒక రగ్గు తెచ్చి బల్ల మీద పరిచాడు. మరక ఈసారి ఎదురుగానే ఉంది. ఎవరో సబ్బుతో కడగబోయి కాస్త పెద్దది చేశారు.

తిరిగి వస్తుంటే కారులో కన్సల్టెంటు ఆనందం పట్టలేకపోయాడు. "మిల్లులో, కాంట్రాక్టరు దగ్గర, గోదాములో ఎక్కడా పోగు తేడా లేదు. ఆఖరికి మరక కూడా ఒకే చోట. ఇంత కన్సిస్టెన్సీ నేను విదేశాల్లో కూడా చూడలేదు."

"సార్, అది ఒకే రగ్గు అని నా అనుమానం."

"అందుకే కదా కన్సిస్టెన్సీ," అన్నాడు కన్సల్టెంటు.

ఆఫీసరు ఊరుకోలేక మంత్రిగారి దగ్గరికే వెళ్లాడు. మంత్రిగారు ఓపిగ్గా అంతా విని, ఆ రగ్గు ఎక్కడైనా నాసిగా కనబడిందా అని అడిగారు. లేదన్నాడు ఆఫీసరు. మరి బాధేమిటన్నారు మంత్రిగారు. దానికి సమాధానం ఆఫీసరు గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు, వచ్చే తనిఖీ పెద్దాస్పత్రిలోనేననీ, నమూనా రగ్గు ఎవరో ఒక రోగికి కప్పి ఫొటో తీయించాలనీ అన్నారు.

"తలుపు పక్క మంచం మీద వెలుతురు బాగా పడుతుందండీ," అన్నాడు ఆఫీసరు. గొంతు దాకా వచ్చిన సమాధానం వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

తనిఖీ వైభవంగా జరిగింది. పిన్ని రగ్గులో గడ్డం దాకా మునిగి, పసిపాపలా ఎర్రబడి ఉంది. మంత్రిగారు వంగి, "వెచ్చగా ఉందా అమ్మా?" అని అడిగారు.

"ఉంది బాబూ. ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ దాచారు?"

పత్రికలు మొదటి ముక్క వేసి, రెండో ముక్కకు చోటు చాల్లేదన్నాయి.

మంత్రిగారు అటు వెళ్లగానే మిల్లు వ్యాను డ్రైవరు ఇటు వచ్చాడు. రగ్గు పక్క ఊరి ఆస్పత్రికి వెళ్లాలట, అక్కడ మంచం సిద్ధంగా ఉందట. అంచు పట్టుకుని మెల్లగా లాగబోయాడు. పిన్ని రెండో అంచు పిడికిట్లో బిగించింది.

"దీని మీద చెయ్యేశావో, అరుస్తాను. విలేకరులు ఇంకా మెట్లు దిగలేదు."

ఫోన్లు మోగాయి. మంత్రిగారి కారు దారిలో ఆగిపోయింది. పిన్నికి నచ్చజెప్పమని అందరూ ఆఫీసరు మీద పడ్డారు. అతను దగ్గరికి వెళ్లి వంగాడు, ఏదో చెబుతున్నట్టు పెదాలు కదిపాడు, పిన్ని కాలి దగ్గర రగ్గు ఇంకాస్త లోపలికి దోపి వచ్చేశాడు. ఉద్యోగంలో చేరాక అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

కన్సల్టెంటు పిన్ని చుట్టూ గాలిలోనే ఒక సున్నా గీశాడు. "బాటిల్‌నెక్ ఇదీ. రగ్గుని రోగి నుంచి విడదీయలేం. కాబట్టి రోగిని కూడా రగ్గుతోపాటే పంపిద్దాం."

అలా పిన్ని సప్లై చైన్‌లో చేరింది.

ఏ ఊరి ఆస్పత్రికి మంత్రిగారు వెళ్లినా, ముందుగా అంబులెన్సులో పిన్నీ రగ్గూ చేరేవారు. తలుపు పక్క మంచం మీదున్న రోగిని లేపి వరండాలో కూర్చోబెట్టి, అక్కడ పిన్నిని పడుకోబెట్టేవాళ్లు. మంత్రిగారు వెచ్చగా ఉందా అని అడిగేవారు, పిన్ని ఉందనేది. మిగతా రోగులు తమ రగ్గుల్లోంచి ఇదంతా చూసేవాళ్లు. చూడటానికి వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. అడిగిన ప్రతి ఆస్పత్రిలోనూ రోగి సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేసినట్టు రిపోర్టులో నమోదైంది.

ఊళ్లు తిరుగుతుండగానే పిన్ని ఎముక అతుక్కుంది. చేతికర్ర పట్టుకుని నడుస్తోంది కూడా. "చాల్లేరా, ఇక ఇంటికి తీసుకుపో," అంది. ఆఫీసరు డాక్టరును అడిగితే, ఆవిడకు ఎప్పుడో నయమైందనీ, నమూనాను డిశ్చార్జి చేసే అధికారం మాత్రం తనకు లేదనీ అన్నాడు. ఆఫీసరు మంత్రిగారికి ఫోన్ చేశాడు.

"ఆవిడ ఇంటికెళ్లిపోతే సంతృప్తి ఎవరు పడతారయ్యా?" అన్నారు మంత్రిగారు.

ఆ తిరుగుళ్లలో ఆఫీసరుకు చలిజ్వరం పట్టుకుంది. శాఖ పరువు కోసం అతను ప్రైవేటుకు వెళ్లకుండా పెద్దాస్పత్రిలోనే చేరాడు. అతనికి మామూలు రగ్గు ఇచ్చారు. ముసుగు పెట్టుకుంటే పక్కాయన చేతిలో పేపరు కనబడింది. 'వణుకు లేని వార్డులు: నాణ్యతలో నూటికి నూరు' అన్న హెడ్డింగు ఒక్క అక్షరం పోకుండా చదవగలిగాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అయితే అతనికి జ్వరం ఉంది కనుక, ఆ వణుకు మంత్రిగారి ప్రకటనకు లోబడే ఉంది.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. పక్కాయన్ని లేపి వరండాలో కూర్చోబెట్టి, పిన్నినీ రగ్గునీ తెచ్చి ఆ మంచం మీద దించారు. మంత్రిగారు మళ్లీ వస్తున్నారట. పిన్ని అతన్ని చూసి, చేతికర్రతో అతని మంచాన్ని తన వైపు లాగి, రెండూ ఆనించి, రగ్గు సగం తీసి అతని మీద వేసింది.

"చిన్నప్పుడు వానొస్తే ఇలాగే దూరేవాడివి. పడుకో."

అతనికి సిగ్గేసింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కానీ కాళ్లు అప్పటికే వెచ్చబడుతున్నాయి.

కన్సల్టెంటు గుమ్మంలోనే నిలబడిపోయాడు. రెండు మంచాలనీ కలిపి చాలా పెద్ద సున్నా గీశాడు. "ఒక్క రగ్గు, ఇద్దరు రోగులు," అన్నాడు భక్తిగా. వెనకే వచ్చిన మంత్రిగారు ఆ దృశ్యం చూసి కళ్లజోడు తుడుచుకున్నారు. ఫొటోలు తీశారు. వచ్చే ఏడాది నుంచి రగ్గుల ఆర్డరు సగానికి తగ్గించి, ఇద్దరికి ఒకటి చొప్పున ఇస్తామని ఆయన అక్కడికక్కడే ప్రకటించారు.

దానికి కన్వీనర్ సంతకం కావాలి. కన్సల్టెంటు కాగితం పట్టుకొచ్చాడు. ఆఫీసరు రగ్గులోంచి చెయ్యి బయటపెట్టాడు. తలుపు ఇంకా తెరిచే ఉంది, బయట చలి కొరికేస్తోంది. అతను చదవకుండా గబగబా సంతకం పెట్టేసి చెయ్యి లోపలికి లాక్కున్నాడు.

"ఏం కాగితంరా అది?" అంది పిన్ని.

"రగ్గుల గురించే పిన్నీ," అని ఆఫీసరు కళ్లు మూసుకున్నాడు.