జెరాల్డ్ నిద్రపోతున్నాడు

బుధవారం ఉదయం ఆరున్నరకు గేనర్ ఓల్డ్రాయిడ్ వంటింటి బల్ల ముందు కూర్చుని, పక్కన టీ చల్లారిపోతుంటే, తన తప్పులు రాసుకోవడం మొదలుపెట్టింది. ఏడున్నరకు పిల్లలు వచ్చేస్తారు. ఈలోగా కాగితం రెండువైపులా నింపేసి, మధ్యాహ్నం వాళ్ళు పడుకున్నాక ఇల్లు సర్దుకోవాలని ఆమె ఆలోచన. తనిఖీ గురువారం తొమ్మిదింటికని ముందు రోజే ఫోన్ వచ్చింది. రేవు పట్నం గ్రిమ్స్‌బీలో ఆ వారమంతా వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. సముద్రం మీది గాలికి వెనక షెడ్డు తలుపు టపటపా కొట్టుకుంటోంది.

ఇరవై రెండేళ్ళుగా ఆమె తన ఇంట్లోనే పరాయి పిల్లల్ని చూసుకుంటోంది. నాలుగేళ్ళ క్రితం తనిఖీకి వచ్చినావిడ అన్నీ చూసి, చివర్లో, "మీ పనిలో మీకే నచ్చనివి ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది. గేనర్ నవ్వి, "ఏమీ లేవమ్మా" అంది. నెల తర్వాత వచ్చిన నివేదికలో 'మెరుగుపడాలి' అని ఉంది. తన పనిని తాను బేరీజు వేసుకోవడం ఈమెకు తెలియదని కూడా రాశారు. ఈసారీ అదే మాట పడితే ఊరి కౌన్సిల్ ఇక పిల్లల్ని పంపదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో చేపల ఫ్యాక్టరీ తప్ప మరో దారి లేదు. అందులో పదహారో ఏట మూడు నెలలు పనిచేసింది. ఆ వాసన ఆమెకింకా గుర్తుంది.

అందుకని కౌన్సిల్ వాళ్ళు పెట్టిన తరగతులకు వెళ్ళింది. మోకాళ్ళ మీద నడుస్తూ పిల్లల ఎత్తు నుంచి ఇల్లంతా చూడమన్నారు. చూసింది. బల్ల అడుగున ఏడు చూయింగ్‌గమ్ములు దొరికాయి, నడుము పట్టేసింది. రోజూ ఒక బిడ్డను పది నిమిషాలు గమనించి రాయమన్నారు. రాసింది. తల్లిదండ్రుల అభిప్రాయం అడగమన్నారు. దానికి కౌన్సిలే ఒక ఫారం ఇచ్చింది. మీరు నింపే ఫారం, వాళ్ళు నింపే ఫారం ఒకటే అన్నారు. అన్నిటికన్నా ముందు మీతో మీరు నిజం చెప్పుకోండి అన్నారు.

ఆ ఫారంలో గేనర్ నిజమే రాసింది. 'బాగా జరుగుతున్నవి' అన్న చోట ఎంత ఆలోచించినా ఒకటే తట్టింది: "టేట్ ఈ వారం చాలా నెమ్మదించాడు. అరుపులు లేవు, పరుగులు లేవు." టేట్‌కు నాలుగేళ్ళు. వాడు నెమ్మదించడం మామూలు విషయం కాదు. 'బాగా జరగనివి' అన్న చోట మాత్రం కలం ఆగలేదు.

"జెరాల్డ్ ఆదివారం చనిపోయాడు. పిల్లలకు చెప్పే ధైర్యం లేక నిద్రపోతున్నాడని అబద్ధం ఆడుతున్నాను. చివరి వారం తిండి మానేశాడు. వయసు మళ్ళింది కదా అని ఊరుకున్నాను, డాక్టరుకు చూపించలేదు. తువ్వాలులో చుట్టి షెడ్డులో ఫ్రీజరులో పెట్టాను. వాన తగ్గితే పెరట్లో గొయ్యి తీయాలి."

అక్కడితో మొదటి పక్క నిండిపోయింది. కాగితం తిప్పి, "తాబేళ్ళ పెంపకం గురించి ముందే చదువుకుని ఉండాల్సింది" అని మొదలుపెట్టి, పొయ్యి మీద గంజి పొంగుతుంటే లేచింది.

అప్పుడే ఆమె భర్త క్లిఫర్డ్ ఇంటికొచ్చాడు. రేవులో రాత్రి కాపలా పని ఆయనది. బూట్లు విప్పకుండానే కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఏమయ్యా, పడుకునే ముందు ఈ ఫారం మూడు కాపీలు తీసి పెట్టవూ? తల్లిదండ్రులకి ఇవ్వాలి. బల్ల మీద ఖాళీది ఉంది" అంది గేనర్, గంజి గిన్నె మీంచి తల ఎత్తకుండా.

"ఊఁ" అన్నాడు క్లిఫర్డ్. బల్ల మీద రెండు ఫారాలున్నాయి. పైనున్నది తీసుకెళ్ళి, కాపీ మెషీన్ మీద ఉన్నదున్నట్టే పెట్టి, మూడు సార్లు నొక్కి, మడిచి కవర్లలో పెట్టి, చెవుల్లో దూది కుక్కుకుని పడుకున్నాడు. సాయంత్రం గేనర్ ఆ కవర్లు పిల్లల సంచుల్లో ఒక్కొక్కటి పెట్టి, "తీరిక చేసుకుని చదవండి, మీ అభిప్రాయం నాకు చాలా ముఖ్యం" అని మరీ చెప్పి పంపింది.

టేట్ తండ్రి షేన్ బ్లాంచర్డ్ జన్మలో ఏ కవరూ విప్పినవాడు కాదు. ఏడాదిన్నర బోనీ తల్లికి ఆ రాత్రి సంచి తెరిచే ఓపిక లేకపోయింది. మూడేళ్ళ ఒటిలీ తల్లి ఇమోజెన్ పాస్క్ మాత్రం చదువుకున్న మనిషి, ఊరికి కొత్త. కూతుర్ని ఇక్కడ వదలడం మొదలుపెట్టి రెండు వారాలే అయింది, ఏనాడూ గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆవిడ కాగితం విప్పి చదివింది, మళ్ళీ చదివింది. తర్వాత కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"బంగారం, గేనర్ వాళ్ళింట్లో జెరాల్డ్ ఎవరు?"

"ముసలాడు" అంది ఒటిలీ. "బట్టతల. మెడంతా ముడతలు. నాకిష్టం."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"బజ్జున్నాడు. గేనర్ ముట్టుకోవద్దంది."

మిస్టర్ ఓల్డ్రాయిడ్ అనే ఒకాయన ఆ ఇంట్లో ఉన్నాడని ఇమోజెన్ విన్నదే గానీ మనిషిని చూడలేదు. ఎప్పుడడిగినా గేనర్ చెప్పేది ఒకటే, పైన నిద్రపోతున్నాడని. ముందు పోలీసులకు ఫోన్ చేసింది; కాగితం పొద్దున్నే తెచ్చివ్వమన్నారు వాళ్ళు. తర్వాత బోనీ తల్లికి చేసి, "ఆ ఇంట్లో శవం ఉంది, నీ బిడ్డని పంపకు" అంది.

గురువారం ఏడున్నరకు బోనీ రాలేదు. "ఇక పంపను, కారణం నీకే తెలుసు" అని మాత్రం మెసేజ్ వచ్చింది. ఒటిలీ తల్లి ఫోనే ఎత్తలేదు. టేట్ జాడ కూడా లేదు. గేనర్ వరండాలో నిలబడి తన ఇరవై రెండేళ్ళనూ వెనక్కి తిప్పి చూసుకుంది. ఎవర్ని ఏమన్నాను? ఎవరికేం తక్కువ చేశాను? ఏమీ అంతుపట్టలేదు. పిల్లల్లేని ఇంట్లో తనిఖీ ఏముంటుంది? చిన్న కుర్చీల మీద దుమ్ము లేకపోయినా మళ్ళీ తుడిచింది.

పావు తక్కువ తొమ్మిదికి తలుపు చప్పుడైంది. వానలో తడిసిన కాన్‌స్టేబుల్ ఒకమ్మాయి, పేరు హోల్నెస్, గుమ్మంలో నిలబడి ఉంది.

"మేడమ్, మీ ఆయన ఇంట్లో ఉన్నారా?"

"ఉన్నాడమ్మా. నిద్రపోతున్నాడు."

హోల్నెస్ మొహం మారింది. "ఒకసారి లేపుతారా?"

"ఇప్పుడు లేవడమ్మా. సాయంత్రం దాకా కదలడు, మెదలడు. ఏమైనా చెప్పాలంటే నాకు చెప్పు."

"నేను చూడాలి మేడమ్."

"నిద్రపోయేవాడిలో చూడ్డానికేముంది?" అంది గేనర్. కానీ ఆ పిల్ల అప్పటికే మెట్లెక్కుతోంది. పైన గదిలో తెరలు వేసి చీకటిగా ఉంది. క్లిఫర్డ్ వెల్లకిలా, నోరు తెరుచుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని ఉన్నాడు. చెవుల్లో తెల్లటి దూది. హోల్నెస్ ఆ దూది చూసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత ధైర్యం తెచ్చుకుని, వంగి, వానకు గడ్డకట్టిన రెండు వేళ్ళు ఆయన మెడ మీద ఆనించింది.

క్లిఫర్డ్ పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. హోల్నెస్ పెట్టిన కేక అంతకన్నా పెద్దది.

ఆ రెండు కేకలూ వింటూ, తెరిచి ఉన్న తలుపు ముందు గొడుగు మూస్తూ నిలబడింది మిసెస్ ఫెన్విక్. ఈసారి తనిఖీ చేయడానికి వచ్చినావిడ. చేతి గడియారంలో ఇంకా పది నిమిషాలు తక్కువ తొమ్మిది.

వంటింట్లో నలుగురూ నిలబడ్డారు. క్లిఫర్డ్ పైజామాలో మెడ రుద్దుకుంటున్నాడు. "నా పేరు క్లిఫర్డ్ అమ్మా, పుట్టినప్పట్నించీ అదే" అన్నాడు కోపంగా.

"మరి జెరాల్డ్ ఎవరు?" అని హోల్నెస్ ఇమోజెన్ ఇచ్చిన కాగితం తీసి చూపించింది.

గేనర్ తన దస్తూరీ తాను గుర్తుపట్టింది. మొగుడి వైపు చూసింది. పిల్లల చిన్న కుర్చీలో కూలబడింది. "తాబేలు" అంది. "తాబేలమ్మా. వెనకపక్క రాశాను."

"వెనక ఏమీ లేదు మేడమ్."

"ఒకపక్కే తీశాను. రెండు పక్కలని నువ్వు చెప్పలేదుగా" అని క్లిఫర్డ్ నసిగాడు.

"నువ్వు ఇంకేం మాట్లాడకు" అంది గేనర్.

ఫిర్యాదు వచ్చాక చూడకుండా వెళ్ళడం కుదరదంది హోల్నెస్. అందరూ వానలో షెడ్డుకు నడిచారు. అది క్లిఫర్డ్ చేపల ఎరలు దాచుకునే పాత ఫ్రీజరు. ఎర పురుగుల డబ్బాల మధ్య నుంచి గేనర్ నీలం తువ్వాలు మూట తీసి, విప్పింది. మంచు పట్టిన గుండ్రటి వీపు బయటపడింది.

సరిగ్గా అప్పుడే పెరటి గేటు తెరుచుకుంది.

"ఆలస్యమైపోయింది గేనర్, తిట్టకు. ఇంట్లో ఎవరూ పలక్కపోతే ఇటొచ్చాం" అంటూ షేన్ లోపలికి వచ్చాడు. ఆయన చెయ్యి పట్టుకుని టేట్. వాడు మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. మూట చూసి ఆగిపోయాడు.

"జెరాల్డ్" అన్నాడు గుసగుసగా. "ఇంకా లేవలేదా?"

గేనర్‌కు నిద్రపోతున్నాడన్న మాట నాలుక చివరదాకా వచ్చింది. నాలుగు రోజుల అలవాటు. చెబితే వాడు నమ్ముతాడు కూడా. ఆమె పట్టేసిన నడుముతోనే బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"లేవడు నాన్నా. జెరాల్డ్ చచ్చిపోయాడు. ఆదివారమే. నిద్రపోతున్నాడని నేను నీకు అబద్ధం చెప్పాను."

టేట్ మూట వంకే చూస్తున్నాడు. "నేను అరిచినందుకా?"

"ఏంటి నాన్నా?"

"శుక్రవారం నేను ఆయన దగ్గర అరిచా. నిద్ర సరిపోలేదేమో అని..." వాడి గొంతు ఇంకా గుసగుసగానే ఉంది. "ఆయన బజ్జున్నప్పట్నించీ అరవట్లా. అస్సలు అరవట్లా గేనర్."

గేనర్‌కు ఫారం గుర్తొచ్చింది. వీడు నెమ్మదించాడని రాసుకుంది. బాగా జరుగుతున్నవాటిలో, ఒకే ఒక్కటిగా, రాసుకుంది. పది నిమిషాలు కూర్చుని గమనించి మరీ రాసుకుంది.

"నీవల్ల కాదు. ముసలాడు, జబ్బు చేసింది, నేను చూసుకోలేదు. నువ్వు ఎంత అరిచినా తాబేళ్ళకి ఏమీ కాదు."

"నిజంగా?"

"నిజంగా."

"ఒకసారి అరిచి చూడనా?"

గేనర్ తల ఊపింది. వాడు మూట దగ్గరికి వెళ్ళి, రెండు పిడికిళ్ళూ బిగించి, నాలుగు రోజుల అరుపులూ కలిపి ఒక్కసారిగా అరిచాడు. షెడ్డు కప్పు మీది పావురాలు లేచిపోయాయి. హోల్నెస్ టోపీ సర్దుకుంది. జెరాల్డ్ కదల్లేదు. టేట్ చాలాసేపు చూసి, "చచ్చిపోయాడు" అని ఒప్పుకుని, అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుపు గట్టిగా, మామూలు టేట్ ఏడుపులాగా ఉంది. గేనర్ వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

క్లిఫర్డ్ పైజామా మీద వానకోటు తొడుక్కుని గొయ్యి తీశాడు. షేన్ సాయం పట్టాడు. మిసెస్ ఫెన్విక్ గొడుగు కింద నిలబడి తడిసిన పుస్తకంలో ఏదో రాస్తూనే ఉంది.

లోపలికి వచ్చాక గేనర్ అసలు కాగితం తీసి, మొదటి పక్కన టేట్ గురించి రాసిన వాక్యం కొట్టేసి, దాన్ని వెనకపక్క 'బాగా జరగనివి' చివర మళ్ళీ రాసి, ఆవిడ ముందు పెట్టింది. "ఇంక నా దగ్గర దాచడానికేమీ లేదండీ. మీరేం రాయాలో రాసుకోండి" అంది. చేపల ఫ్యాక్టరీ వాళ్ళు ఆ వయసువాళ్ళను తీసుకుంటారో లేదో అని కూడా అప్పుడే ఆలోచిస్తోంది. మిసెస్ ఫెన్విక్ రెండుపక్కలా చదివింది. తొందరపడకుండా చదివింది. మధ్యాహ్నం దాకా టేట్‌తో బొమ్మలాట ఆడి, ఏమీ తేల్చకుండా వెళ్ళిపోయింది.

సంగతి తెలిశాక, బోనీ సోమవారానికే తిరిగొచ్చింది. ఇమోజెన్ మాత్రం పది రోజులు ఊరంతా తిరిగి, ఎక్కడా ఖాళీ దొరక్క, ఒటిలీని తీసుకుని గుమ్మంలో నిలబడింది. క్షమించమని అడుగుతుందేమోనని గేనర్ చూసింది. ఆవిడ, "మీవారిని ఒకసారి కిందికి రమ్మంటారా?" అంది. క్లిఫర్డ్ దిగి వచ్చి, చెయ్యి ఊపి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

నివేదిక నెల తర్వాత వచ్చింది. కవరు చించడానికి గేనర్‌కు చేతులు రాకపోతే క్లిఫర్డ్ చించాడు. పైన 'బాగుంది' అని ఉంది. ఆమె నమ్మక కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. అదే ఉంది.

కింద మొదటి వాక్యం ఇది: "పిల్లల తల్లిదండ్రులతో ఏ విషయమూ దాచకుండా ఎప్పటికప్పుడు రాతపూర్వకంగా తెలియజేయడం ఈమె ప్రత్యేకత."