మొదటిసారికే వద్దన్నవాళ్లు

"ఈ శీతాకాలం మన రాష్ట్రంలో ఫ్లూ టీకాకు కొరత అనేది లేదు, ఉండబోదు, ఉండనివ్వం!" అని మా కొరత నివారణ సంఘం అధ్యక్షులు గోర్డన్ ఆమ్‌డాల్‌గారు అక్టోబరులో ప్రకటించారు. ఆహా, ఏం మాట! అప్పటికి తయారీ కంపెనీ సగం సరుకు పంపలేనని చేతులెత్తేసి మూడు రోజులైంది.

నేను ఆ సంఘానికి గుమాస్తాను. కొరతను ఎలా ఆపాలో పదకొండు సమావేశాల్లో తేల్చేశాం. ముందు ముసలివాళ్లను అడగాలి. అదీ ఒక్కసారే! రెండోసారి అడిగితే ఒత్తిడి చేసినట్టట. వద్దన్నవాళ్ల మోతాదులు మిగులు కింద రాజధానిలోని మా సంఘానికి తిరిగి రావాలి.

ఇక్కడ మా వాళ్ల సంగతి చెప్పాలి. అమెరికా ఉత్తరపు కొసన, మంచులో పుట్టి పెరిగినవాళ్లం. ఎవరేమిచ్చినా మూడుసార్లు వద్దనడం మాకు మర్యాద. నాలుగోసారి అడిగితే, "సరే, మీరంత బలవంతం చేస్తే" అని పుచ్చుకుంటాం. మొదటిసారికే చెయ్యి చాపినవాణ్ణి మా అమ్మ గడప తొక్కనిచ్చేది కాదు.

సంఘంలో అందరం ఇక్కడివాళ్లమే. అయినా ఈ సంగతి ఒక్కరికీ గుర్తురాలేదంటే నమ్ముతారా? నేను నమ్మాను. నా జీతం అక్కడిదే కదా!

మా ఊరి చర్చి కింది హాల్లో నర్సు మందుపెట్టె తెరిచింది. ఫారం నా చేతిలో ఉంది. వరసలో మొదట మా మేనత్త వెర్నా. ఎనభై మూడేళ్లు, ఊపిరితిత్తులు రెండూ పాడు. ఈసారి ఫ్లూ తగిలితే బతకదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

"అత్తా, టీకా వేయించుకుంటావా?"

"అబ్బే, నాకెందుకురా రోల్ఫ్! ఇంకెవరికైనా వెయ్యి," అంటూనే కోటు విప్పి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, నా మొహంలోకి చూసింది.

ఇంకోసారి అడుగుదామనిపించింది. కానీ నిబంధన ఊరుకుంటుందా? 'వద్దు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆమె కాసేపు అలాగే నిలబడి, చొక్కా చెయ్యి దించుకుని, కాఫీ బల్ల వైపు వెళ్లింది. ఆ పూట పధ్నాలుగుమంది వద్దన్నారు. సంఘంలో మేమూ సరిగ్గా పధ్నాలుగుమందిమే, దైవలీల చూడండి!

శుక్రవారం ఆ మోతాదులు మా సమావేశం బల్ల మీదికి వచ్చాయి.

"పాపం, పాడైపోతాయి," అన్నారు ఆమ్‌డాల్‌గారు. "హాల్వర్సన్‌గారూ, మీరు వేయించుకోండమ్మా."

"అయ్యో, నాకెందుకండీ!"

"కొరతతో పోరాడేవాళ్లం మనమే మంచం పడితే ఎలా?"

"వద్దండీ, బాగుండదు."

"ప్రజల కోసమమ్మా!"

"ససేమిరా!"

"నా మాట కాదనకండి."

"సరే, మీరంత బలవంతం చేస్తే..."

అలా ఒక్కొక్కరినీ నాలుగేసిసార్లు అడిగేసరికి భోజనాల వేళ దాటిపోయింది. నన్నూ అడిగారు. మూడుసార్లు వద్దన్నాను, దేవుడి తోడు!

తర్వాత నివేదిక రాశాను: "ప్రజల నుండి గిరాకీ లేదు. మోతాదులు వృథా కాకుండా వినియోగించబడినవి. కొరత నివారించబడినది."

సాయంత్రం వెర్నా అత్త ఫోను చేసింది. మాటకూ మాటకూ మధ్య దగ్గు.

"ఒరేయ్, మళ్లీ అడగడానికి ఎప్పుడొస్తావురా?"

"అయిపోయాయత్తా."

"అన్నీనా?" మళ్లీ దగ్గింది. "పోనీలేరా. నాకంటే రోగిష్టి మనిషి ఎవరికో దక్కుంటుంది."

"అవునత్తా," అన్నాను. ఎడమ భుజం సలుపుతోంటే ఫోను కుడిచేతికి మార్చుకున్నాను.