వంచిన తల, రెండు సుడులు

…కాబట్టి మెడ వంచడం రోగం కాదు, సంస్కారం. తలనొప్పి ఆ సంస్కారానికి మనం కట్టే పన్ను. రేపల్లె నుంచి తెనాలి వెళ్లే పాసింజర్ రైల్లో కూర్చుని, మెడ వంచి, ఫోన్‌లోనే ఈ మాట టైపు చేస్తున్నాను. మీరూ మెడ వంచే చదువుతున్నారు. ఇక మన మధ్య వాదన ఎందుకు?

ఈ పెట్టెలోకి ఒకసారి చూడండి. పాతికేళ్ల వాళ్లంతా తల దించుకుని కూర్చున్నారు. సీటు కోసం గొడవ లేదు. "ఏ ఊరు బాబూ, ఎవరబ్బాయివి, జీతమెంత?" అనే విచారణ లేదు. ఇంతమంది కుర్రాళ్లు ఇంత వినయంగా కూర్చోవడం మన తాతల కాలంలో ఏ బడిలో కనిపించింది? బెత్తం లేకుండా సాధించాం!

తెనాలిలో దిగాక చూడండి. సెంటర్‌లో ఎన్ని ఫ్లెక్సీలు! పుట్టినరోజు జరుపుకునే నాయకులు, వాళ్లకు శుభాకాంక్షలు చెప్పే చిన్న నాయకులు, ఆ చిన్న నాయకుల చుట్టూ ఇంకా చిన్న నాయకులు. వీళ్లలో ఒక్కరి మొహం కూడా నేను ఎరగను. మెడ వంపు చేసిన మేలు కాదూ ఇది?

తలనొప్పి తెచ్చే గౌరవం సంగతి సరేసరి. కాలునొప్పి ఉన్నవాణ్ణి జాలిగా చూస్తారు. తలనొప్పి ఉన్నవాడి పక్కన గొంతు తగ్గించి మాట్లాడతారు. వాడేదో ఆలోచిస్తాడని అనుమానం. మా ఇంట్లో నా నుదురు ఒక ప్రయోగశాల. అమ్మ శొంఠి అరగదీసి పట్టు వేసింది. నాన్న కళ్లజోడు పెట్టించారు. మేనత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి, ఘాటు రాలేదు కనుక దిష్టి గట్టిదేనని తేల్చింది. తెనాలిలో ఒక ఫిజియోథెరపిస్టు మాత్రం మర్యాద లేకుండా నుదురు వదిలేసి మెడ వెనక వేలు పెట్టి నొక్కాడు. నొప్పి లేచి తిన్నగా కంటి వెనక నిలబడింది.

"పుట్టేది ఇక్కడ సార్, తెలిసేది అక్కడ. మీ వయసు వాళ్లందరిదీ ఇదే కథ. కాస్త తలెత్తుకు తిరగండి, చాలు," అన్నాడు.

ఎంత సులువుగా అన్నాడు! తలెత్తితే ఎదురుగా మనుషులుంటారని అతనికెవరూ చెప్పలేదు కాబోలు.

మెడ వంపు మహిమ పోయిన ఆదివారం బాపట్లలో రుజువైంది. పెళ్లిచూపులు. అమ్మాయి పేరు తనూజ. వ్యవసాయం చదువుకుని, పిట్టలవానిపాలెంలో రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగం చేస్తోంది. పూర్వం పెళ్లిచూపుల్లో ఆడపిల్ల ఒక్కతే తల దించుకునేది. ఎంత అన్యాయం! మా తరం దాన్ని సవరించింది. కుర్చీలో కూర్చున్నది మొదలు నేను ఫోన్ మీంచి తలెత్తలేదు. తనూజ వచ్చినట్టు ఆమె పాదాల వల్ల తెలిసింది. సన్నటి పట్టీలు. కుడికాలి చిటికెనవేలి పక్కన పుట్టుమచ్చ. ఒక మనిషి గురించి ఇంతకంటే ఏం తెలియాలి?

"ఎంత అణకువండీ మీ అబ్బాయికి! ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలు ఎక్కడున్నారండి?" అన్నారు వాళ్ల నాన్న.

"మా అనిరుధ్ చిన్నప్పట్నుంచీ అంతేనండి. వంచిన తల ఎత్తడు," అంది మా అమ్మ పొంగిపోయి.

జీడిపప్పు పాకం ప్లేటు నా చేతికిస్తూ తనూజ నెమ్మదిగా అంది: "తీసుకోండి. తల దించుకునే ఉన్నారుగా, ప్లేటైనా కనిపిస్తుంది."

మెట్లు దిగుతుంటే "అమ్మాయి నచ్చిందా?" అని నాన్న అడిగారు. నచ్చింది అన్నాను. అబద్ధం కాదు. ఆ ఎత్తిపొడుపు అప్పటికే నచ్చేసింది.

బుధవారం కబురొచ్చింది. సంబంధం వద్దట. కారణం వినండి. నేను అంతసేపు తల వంచుకుని కూర్చోవడంతో వాళ్ల నాయనమ్మ విశాలాక్షి గారికి నా మొహం కనిపించలేదు. నడినెత్తి కనిపించింది. అక్కడ రెండు సుడులున్నాయి. రెండు సుడులున్న మగాడికి రెండు పెళ్లిళ్లని ఆవిడ గట్టి నమ్మకం.

"మొదటిది మా పిల్లయితే రెండోది ఎవరండీ?" అని అడిగారట.

"అడ్డంగా దువ్వుకుని చావరా అంటే విన్నావా?" అంది అమ్మ.

"మొహం చూపించుంటే వాళ్లు నెత్తి జోలికెందుకు పోతారే?" అన్నారు నాన్న.

అయినా నేను మెడ వంపును నిందించను. కాకపోతే ఆ సాయంత్రం నుంచి నొప్పి తల దిగి గుండెల్లో కూర్చుంది. ఫిజియోథెరపిస్టు చెప్పిన దాంట్లో ఈ దారి లేదు.

నిన్న తనూజే ఫోన్ చేసింది.

"మెడ ఎలా ఉందండి?"

"బాగానే ఉందండి. మీకెలా తెలుసు?"

"మధ్యమధ్యలో రుద్దుకున్నారుగా. నాకూ ఉందిలెండి. రోజూ పొలాల ఫొటోలు యాప్‌లో ఎక్కించేసరికి సాయంత్రానికి కళ్ల వెనక ఒకటే పోటు. అది సరే, ఆ రోజు ఫోన్‌లో అంతలా ఏం చూశారు?"

"ఆఫీసు మెయిలండి."

"మీ ఫోన్ ఆఫ్‌లో ఉందండి. ప్లేటు ఇచ్చేటప్పుడు చూశాను. నల్లగా ఉంది."

ఏం చెప్పను? చార్జింగ్ దారిలోనే అయిపోయింది. అయినా ఆ నల్లటి అద్దాన్నే చూస్తూ కూర్చున్నాను. తలెత్తితే ఒక మనిషి నన్ను చూస్తుంది. చూసి, వద్దనుకోవచ్చు. చూడనివ్వకపోతే, వద్దన్నది నన్ను కాదు.

"మా నాన్న దాన్ని వినయం అంటున్నారు," అంది. "గింజ బరువుకి వంగే వరి కంకి ఉంటుంది. మెడవిరుపు తెగులొచ్చి, తాలు గింజలతో వాలిపోయే కంకీ ఉంటుంది. గట్టు మీంచి చూస్తే ఒక్కోసారి రెండూ ఒకేలా ఉంటాయండి. ఎత్తి చూస్తే గానీ తెలీదు. నాయనమ్మని నేను ఒప్పించుకుంటా. కానీ ఎవరి కోసం ఒప్పించాలో నాకు తెలియాలిగా? రేపు బాపట్ల స్టేషన్‌కి రండి. నేనుంటాను. మీరే గుర్తుపట్టి పలకరించాలి. లేకపోతే నా దారిన నేను వెళ్లిపోతా."

తెనాలిలో రైలు మారాను. ఇంతవరకు రాసేసరికి బాపట్ల వచ్చింది. దిగి, నాకు తెలిసిన పద్ధతిలోనే వెతుకుతున్నాను. చెప్పులు, శాండిల్స్, చేపల బుట్ట పక్కన రబ్బరు చెప్పులు. పట్టీలు చాలా ఉన్నాయి. పుట్టుమచ్చ మాత్రం లేదు.

నా ముందు ఒక జత కాన్వాస్ బూట్లు వచ్చి ఆగాయి. అంచుల్లో ఎండిన పొలం మట్టి. పక్కకు జరుగుతాయేమోనని చూశాను. జరగలేదు. పాదాలు కప్పేసుకుని వచ్చింది, తెలివైన మనిషి!

రైలు కదిలింది. బూట్లలో ఒకటి వెనక్కి తిరగబోతోంది. మెడ వంపు వల్ల కలిగే లాభాలు ఇంకా ఉన్నాయి గానీ, ఈ వ్యాసం ఇంతటితో ఆపాలి. మెడ వెనక నరం పట్టేసింది. ఫోన్ జేబులో పెట్టి, తలెత్తుతున్నాను.