మొదటిరోజు సున్నా

ఇంగ్లీషు రాని పిల్లలు ఈ లోకానికి చాలా అవసరం. నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదు. ఆరేళ్లపాటు అనువాదకుడిగా నిలబడి, కాళ్లు పీకి, గొంతు బొంగురుపోయి, అనుభవం మీద చెబుతున్నాను.

మీరే ఆలోచించండి. సముద్రాలు దాటి, రెండు విమానాలు మారి, ఉన్న కాస్త సెలవూ మనకోసం ఖర్చుపెట్టి, పన్నెండుమంది మంచివాళ్లు మా ప్రార్థన మందిరం వెనక గదికి వస్తారు. అందరికీ ఒకే రంగు టీషర్టు. పెట్టెల నిండా రంగు పెన్సిళ్లు, బుడగలు, అట్టముక్కలు, జిగురు. పొద్దున్న ఇంగ్లీషు. మధ్యాహ్నం పిల్లల క్లబ్బు: చేతులూపుతూ పాటలు, ఒక కథ, కంఠతా పట్టే ఒక బైబిలు వాక్యం, చివర్లో అట్టతో సింహం. పదిరోజులు ఇదే వరస. ఇంత శ్రమపడి వచ్చినవాళ్లతో పిల్లలు "మాకు ఇంగ్లీషు వచ్చండీ" అంటే ఏం మర్యాద? గుమ్మంలో అడుగుపెట్టిన చుట్టంతో "మా భోజనాలైపోయాయి" అన్నట్టుండదూ?

అందుకే మా పిల్లలు నేర్చుకోరు. పొరపాటున నేర్చుకున్నా బయటపడరు.

మొదటి ఏడు వచ్చినవాళ్లు ఎరుపు, నీలం, పసుపు నేర్పారు. రెండో ఏడు వేరే పన్నెండుమంది వచ్చి ఎరుపు, నీలం, పసుపు నేర్పారు. మూడో ఏడువాళ్లు కాస్త దూకుడు మనుషులు, ఆకుపచ్చ దాకా వెళ్లారు. ఆ సంగతి నాలుగో ఏడువాళ్లకు ఎవరూ చెప్పలేదు. మళ్లీ ఎరుపు! ఎరుపు విషయంలో మా పిల్లలకున్న పట్టు ఏ అద్దకం పనివాడికీ ఉండదు. పునాది గట్టిగా ఉండాలని పెద్దలంటారు కదా? మాది ఆరంతస్తుల పునాది. దానిమీద ఇల్లు లేదని బాధపడేవాడు అల్పసంతోషం తెలియనివాడు.

వచ్చినవాళ్లు గది గోడలకు రంగు కూడా వేసి వెళతారు. ఏటా వేస్తారు. ఇప్పుడా గది తలుపు పూర్తిగా మూసుకోదు, రంగు అంత మందాన పేరుకుంది. గాలి బాగా వస్తోంది. ఇదీ మేలే!

వాళ్లు చెడ్డవాళ్లని నేననను. నిరుడు వచ్చిన ఒకాయన, వాళ్ల ఊళ్లో బస్సు నడుపుతాడట, సిమెంటు నేలమీద మోకాళ్లూని ఒక పసిదాని బూటు తాడుకు పడిన పీటముడి విప్పుతూ పావుగంట కూర్చున్నాడు. పిల్ల కాలు కదిపినప్పుడల్లా మళ్లీ మొదలు. ఒక్కసారి విసుక్కోలేదు. అలాంటి మనిషి పదిరోజులు కాక పదేళ్లుంటే ఎంత బాగుండునో అనుకున్నాను. అయితే మేము ఉండమని అడగలేదు, ఆయనకు ఉండే వీలూ లేదు.

ఇక అసలు విషయం. పిల్లలు నేర్చుకున్నారని, వాళ్లను పంపే ఆఫీసుకు రుజువు కావాలి. అందుకని మొదటిరోజు ఒక పరీక్ష, చివరిరోజు అదే పరీక్ష. ఏటా అవే యాభై ప్రశ్నలు. రెండో ఏడు మా పిల్లలు మొదటిరోజే నలభై అయిదు తెచ్చుకుని కూర్చున్నారు. చివరిరోజు నలభై ఆరు. పదిరోజులకు ఒక్క మార్కు! ఆ జట్టు నాయకురాలు కళ్లు తుడుచుకుంది. మా సంఘం పెద్దగారికి చెమటలు పట్టాయి. ఇలాగైతే వచ్చే ఏడు ఎవరొస్తారు?

ఆయన తిన్నగా మా ఇంటికొచ్చారు. నేను ఎగుమతుల ఆఫీసులో విదేశీ ఉత్తరాల గుమాస్తాగా ముప్ఫైరెండేళ్లు చేసి రిటైరైనవాడిని. కాలేజీలో ఇంగ్లీషే నా సబ్జెక్టు. మొదటిరోజు పిల్లలకు ఏమీ రాకుండా చూసే బాధ్యత ఆయన నా మీద పెట్టారు.

తెలియనివాడికి తెలియజెప్పడం ఏ మాస్టారైనా చేస్తాడు. తెలిసినవాడికి తెలియకుండా చేయాలంటే డిగ్రీ చదివి ఉండాలి! సున్నా కూడా సహజంగా రావాలి మరి. అందరూ తెల్లకాగితం ఇస్తే అనుమానమొస్తుంది. ఒకడు ఆవు బొమ్మకింద గొర్రె అని రాయాలి. ఒకతి పెన్సిలు కొరుకుతూ పైకప్పు చూడాలి. ఒకడు సగం రాసి కొట్టేయాలి. ఏటా మందిర గదిలోనే రెండు సాయంత్రాలు శిక్షణ. ఫలితాలు మీరు చూడవలసింది! మొదటిరోజు సగటున మూడు, చివరిరోజు నలభై ఎనిమిది. ప్రపంచంలో ఇంత వేగంగా ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు ఇంకెక్కడా లేరని వాళ్ల ఆఫీసు పత్రికలో వేశారు.

ఈ ఏడు మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. జట్టు రాకముందే ఉత్తరం వచ్చింది. ఈసారి పరీక్షనుబట్టి అయిదుగురు పిల్లల్ని ఎంచుతారట. వాళ్లకు పక్కవీధి మేడమీద గదిలో వారానికి మూడు సాయంత్రాలు, ఏడాది పొడుగునా, ఇక్కడే ఉండే టీచరు చేత నిజమైన ఇంగ్లీషు. ఎరుపు దాటి!

మా క్లబ్బులో పెన్సిలు అని ఒక పిల్ల ఉంది. చెవిమీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది గనక ఆ పేరు. పన్నెండేళ్లు. తల్లి దర్జీ, ఇద్దరే ఉంటారు. ఈ పిల్లకు నర్సు అవ్వాలని ఆశ. నర్సు చదువు మొదటి పేజీ నుంచీ ఇంగ్లీషేనని ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ ఖాళీ మందుపెట్టెల్లో కాగితాలు ఏరి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతుంది. ఆ అయిదు కుర్చీల్లో ఒకటి ఆ పిల్లకు ఎంత కావాలో వీధిలో అందరికీ తెలుసు.

పరీక్షకు ముందురోజు నా దగ్గరకొచ్చింది.

"తాతగారూ, ఈసారైనా నిజం రాయనా?"

నేను లెక్కగట్టి చెప్పాను. చూడమ్మా, వాళ్లు ఎప్పుడూ చూసేది ఎంత ఎదిగారన్నదే. మొదటిరోజు సున్నా, చివరిరోజు యాభై తెచ్చుకున్నావనుకో, నిన్ను మించినవాళ్లెవరు? మొదటిరోజే యాభై తెచ్చుకుంటే ఎదగడానికి చోటెక్కడ?

"నిరుడు క్లబ్బులో అబద్ధం ఆడకూడదని కథ చెప్పారు కదా. మీరే తెలుగులో చెప్పారు."

"అది కథమ్మా. ఇది పరీక్ష" అన్నాను.

ఆ పిల్ల సరే అంది. పెద్దవాళ్ల మాట వినే పిల్ల.

మొదటిరోజు పెన్సిలుకు సున్నా. ఇంత పరిపూర్ణమైన సున్నా నా శిక్షణలో అంతకుముందు రాలేదు. చివరిరోజు యాభైకి యాభై. నేను మీసం మెలేశాను.

ఆ సాయంత్రం నాయకురాలు పిల్లలందర్నీ చాపలమీద కూర్చోబెట్టి మాట్లాడింది. నేను పక్కన నిలబడి తెలుగులో చెబుతున్నాను. మేము పదిరోజుల్లో నేర్పింది లెక్కలోకి తీసుకుంటే న్యాయం కాదు, అంది. మేము రాకముందే తమంతట తాము కష్టపడి నేర్చుకున్న పిల్లలెవరో వాళ్లకే ఈ అవకాశం ఇవ్వాలి, అంది. అందుకని మొదటిరోజు కాగితాలే చూశాం, అంది.

ఆరేళ్లలో మా గదిలో వినబడిన మాటల్లో ఇంత న్యాయమైన మాట ఇంకోటి లేదు. దాన్ని తెలుగులో చెప్పకుండా మింగేద్దామనిపించింది. అయినా చెప్పాను. జీతం లేకపోయినా ఉద్యోగం ఉద్యోగమే కదా!

ఎంపికైన అయిదుగురూ ఆ నెలలో కొత్తగా చేరినవాళ్లు. నా శిక్షణ అందనివాళ్లు. ఒకరికి పన్నెండు, ఒకరికి తొమ్మిది, మిగతావాళ్లకు అంతకంటే తక్కువ. నాకు తెలిసినంతలో ఆ గదిలో ఇంగ్లీషు అందరికంటే తక్కువ వచ్చింది వాళ్లకే.

అప్పుడు పెన్సిలు లేచి నిలబడింది. నా వైపు చూడలేదు. నా అవసరం లేకుండా, ఇంగ్లీషులోనే, నాయకురాలితో నేరుగా మాట్లాడింది. మొదటిరోజే తనకన్నీ వచ్చని, కావాలనే తప్పులు రాసిందని, తమందర్నీ అలాగే రాయమన్నారని చెప్పింది. తడబడింది గానీ అన్నీ చెప్పింది.

నాయకురాలు రెండు చేతులూ గుండెమీద పెట్టుకుంది. పదిరోజుల్లో ఈ పిల్ల ఇన్ని వాక్యాలు మాట్లాడుతోందని జట్టువాళ్లకు చూపించింది. పన్నెండుమందీ చప్పట్లు కొట్టారు. బస్సు డ్రైవరు స్థానంలో ఈసారి వచ్చిన ఫొటోగ్రాఫరు రెండు ఫొటోలు తీశాడు. తర్వాత ఆమె నావైపు తిరిగి, ఈ పిల్ల ఇంకేదో చెప్పాలనుకుంటున్నట్టుంది, నాకు సరిగ్గా అర్థమైందా, అని అడిగింది.

నేను సంఘం పెద్దగారి వైపు చూశాను. ఆయన పైకప్పు చూస్తున్నారు. నేనే నేర్పిన విద్య.

"చాలా సంతోషంగా ఉందంటోంది" అన్నాను.

ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి నేను చేసిన మొట్టమొదటి అనువాదం అదే. ఆ పిల్లకు ప్రతి మాటా అర్థమైంది.

మర్నాడు జట్టు వెళ్లిపోయింది. సాయంత్రం తల్లీకూతుళ్లు మా ఇంటికొచ్చారు. ఆ తల్లి కూర్చోలేదు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

"గుమాస్తాగారూ, అబద్ధం మీరు రాయమంటే రాసింది. నిజం చెబితే మీరు మార్చేశారు. ఇప్పుడు దీని మాట ఎవరు నమ్ముతారో మీరే చెప్పండి."

పెన్సిలు మా ఇంట్లో బీరువాలోని నిఘంటువులు చూస్తోంది. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది.

"తాతగారూ, మీకు ఇంగ్లీషు వచ్చు కదా. ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నారు. మరి మీరు మాకెందుకు నేర్పలేదు?"

పాఠకులారా, తీరిక లేదని చెప్పబోయాను. మధ్యాహ్నం భోంచేసి లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా కిటికీ దగ్గర కూర్చుని ఎవరి సైకిలు బెల్లు ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టేవాడికి తీరిక లేదా? నా భార్య పోయి ఏడేళ్లు. ఏడాదిలో మూడువందల యాభైఅయిదు రోజులు నన్ను పిలిచేవాళ్లుండరు. మిగిలిన పదిరోజులూ "సారు ఎక్కడ? సారు లేకపోతే ఎలా?" అని పన్నెండుమంది వెతుక్కుంటారు. నాకోసం ముందు వరసలో ఒక కుర్చీ వేస్తారు. పిల్లలకు ఇంగ్లీషు వచ్చేస్తే ఆ కుర్చీ ఎవరికి?

ఇదంతా ఆ పిల్లతో చెప్పలేదు. రేపట్నుంచి నాలుగింటికి రమ్మన్నాను.

"ముందు ఉత్తరం రాయడం చెప్పండి" అంది.

వారం రోజులు పట్టింది. జరిగిందంతా రాసింది, జట్టు ఆఫీసుకు. నా పేరు దగ్గర ఆగి నా మొహం చూసింది. రాయమన్నాను. చివర్లో, రాసింది నిజమేనని, తప్పు రాయించింది నేనేనని నేనూ సంతకం పెట్టి, నేనే పోస్టులో వేసి వచ్చాను. జవాబింకా రాలేదు. నాలుగింటికి వచ్చేవాళ్లు మాత్రం ఇప్పుడు తొమ్మిదిమంది.

పెద్దగారు నాతో మాట్లాడటం మానేశారు. నిన్న మందిరం తలుపు మీద ఒక కాగితం అంటించారు. అనువాదకుడు కావలెను. ఇంగ్లీషు క్షుణ్ణంగా తెలిసి ఉండవలెను. పిల్లలకు నేర్పే అలవాటు ఉండరాదు.