అమ్మకు తెలిసినంతవరకు

ఆ పొద్దున తల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కూతుర్ని పనికి పంపాలి, ఎనిమిదింటికల్లా సోఫా గలీబులు మార్చాలి, పదింటికి వచ్చే అధికారికి పింగాణీ కప్పులో టీ ఇవ్వాలి. ఉన్నవి రెండే కప్పులు, ఒకదానికి చెవి విరిగింది కాబట్టి అది తను తీసుకోవాలి. అంతకుమించి ఏ ఘోరమూ జరగకూడదని ఆమె కోరిక. జరిగి తీరుతుందని ఆమె నమ్మకం.

అమ్మాయి లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. ఆరు నెలలుగా తాత్కాలికం. ఉద్యోగం ఖాయం చేసేముందు కంపెనీవాళ్లు ఇంటికి మనిషిని పంపి, ఇల్లూ తల్లీ తండ్రీ అన్నీ ఫారంలో రాసినట్టే ఉన్నాయో లేదో చూసుకుంటారు. ఏ ఒక్కటి తేడాగా కనబడినా ఫారం వెనక్కి పోతుంది, ఆ ఏడాదికి ఇక అంతే. కూతురు ఎక్కడ ఏ ఇనుపతాళ్ల మధ్య వేలాడుతోందో అనుకుంటూ తల్లి ఈ ఆరు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. ఉద్యోగం రాకపోతే పిల్ల ముఖం ఎలా ఉంటుందో తలుచుకుంటే ఇంకో నాలుగు తగ్గేలా ఉంది.

"ఏమడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా, చాలు," అంది అమ్మాయి బూట్ల తాళ్లు బిగిస్తూ.

"ఇంగ్లీషులో అడిగితేనో?"

"అడగరు. అడిగితే నీకొచ్చిందే చెప్పు."

తల్లికి వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. అయితే ఆ కొంచెంలో ఒక మేలైన ముక్క ఉంది. 'యాజ్ ఫార్ యాజ్ ఐ నో.' అమ్మాయి పై అధికారులతో ఫోనులో మాట్లాడినప్పుడల్లా ఆ మాట వినబడుతుంది. స్నేహితురాళ్లతో మాట్లాడినప్పుడు ఒక్కసారి కూడా రాదు. కాబట్టి అది మన 'అండీ' లాంటిదనీ, పెద్దవాళ్ల దగ్గర మర్యాదకి తగిలించేదనీ తల్లి ఎప్పుడో తేల్చేసుకుంది. దానికి 'నాకు తెలిసినంతవరకు' అని అర్థమని ఆమెకెవరూ చెప్పలేదు. తన చేత్తో ముట్టి చూడని ఏ భాగాన్నీ 'బాగుంది' అని ఊరికే అనకూడదనీ, అనాల్సివస్తే ఆ మాట చేర్చే అనాలనీ అమ్మాయి కంపెనీలో నియమం ఉందని అసలే చెప్పలేదు.

దర్జీ పని చేసే తండ్రి ఆ పూట దుకాణం ఆలస్యంగా తీస్తానని ఇంట్లోనే ఉన్నాడు. తల్లి ఆయనకు కూడా ఆ ముక్క పదిసార్లు వల్లె వేయించింది.

"ప్రతిదానికీ అదే అనాలా?" అన్నాడాయన.

"మర్యాద ఎక్కువైతే నష్టమేముందండీ?"

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అవతల అధికారి. బయలుదేరే ముందు ఒకసారి కనుక్కుందామని చేశాడు.

"మా దగ్గర లిఫ్టు మెకానిక్‌గా చేస్తున్న అమ్మాయి ఇల్లేనా అండీ?"

"యాజ్ ఫార్ యాజ్ ఐ నో, సార్," అంది తల్లి.

అవతల ఆయన ఒకసారి దగ్గాడు. తన ఇంగ్లీషుకి ఆయన ముచ్చటపడుతున్నాడని తల్లి అనుకుంది.

"మీరు ఆ అమ్మాయి తల్లిగారా?"

"యాజ్ ఫార్ యాజ్ ఐ నో."

ఈసారి కాగితం మీద కలం గీసిన చప్పుడు వినబడింది.

"తండ్రిగారు ఇంట్లో ఉన్నారా?"

ఎదురుగా కుర్చీలో టేపు మెళ్లో వేసుకుని కూర్చున్న భర్తను చూస్తూ, "యాజ్ ఫార్ యాజ్ ఐ నో," అంది తల్లి.

"ఒకసారి ఆయనకివ్వండి." గొంతు బాగా నెమ్మదించింది. "అయ్యా, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఆ అమ్మాయి తండ్రి మీరేనా?"

తండ్రి భార్య వైపు చూశాడు. ఆమె చెప్పు చెప్పు అన్నట్టు గట్టిగా తల ఊపింది.

"యాజ్ ఫార్ యాజ్ ఐ నో, సార్," అన్నాడాయన వినయంగా.

"నేనే వస్తున్నాను," అని అధికారి ఫోన్ పెట్టేశాడు.

"చూశారా, ఎంత తొందరపడుతున్నాడో. మాట తీరు అలాంటిది మరి," అంది తల్లి. ఆరు నెలల తర్వాత మొదటిసారి ఆమె గుండె కుదురుగా కొట్టుకుంది. ఆ కుదురు చూసి ఆమెకే భయం వేసింది.

అధికారి పదికి పది నిమిషాల ముందే వచ్చి, కింద వాచ్‌మన్‌ని లిఫ్టు ఎలా ఉందని అడిగాడు.

"మా లిఫ్టుకేం సార్, హండ్రెడ్ పర్సెంట్," అన్నాడు వాచ్‌మన్. అతను పైకి ఎప్పుడూ మెట్లమీదే వెళ్తాడు.

లిఫ్టు మూడో అంతస్తు దాటి, వీళ్లుండే నాలుగోది చేరకుండా ఆగిపోయింది. అలారం మోగింది. తల్లి చేతిలోని కప్పు వదిలేసింది. పగిలింది మంచి కప్పు. ఆమె పరిగెత్తుకెళ్లి లిఫ్టు తలుపుకి చెవి ఆనించింది.

"అమ్మా, ఎవరైనా ఉన్నారా?" లోపలి నుంచి వినబడింది. "ఇది కిందికి పడిపోదు కదా?"

"పడదు సార్," అంది తల్లి ధైర్యం చెబుతూ. తర్వాత, అంత పెద్దమనిషితో పొడిగా మాట్లాడానేమోనని, "యాజ్ ఫార్ యాజ్ ఐ నో," అని చేర్చింది.

లోపల ఏదో కూలబడ్డ చప్పుడు. తండ్రి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "గాలి ఆడుతుంది సార్, యాజ్ ఫార్ యాజ్ ఐ నో," అన్నాడు తనవంతుగా.

మూడో అంతస్తు లెక్కల టీచర్ మెట్లెక్కి వచ్చింది. "వదినా, మీకేమైనా పిచ్చా? 'నాకు తెలిసినంతవరకు పడదు' అంటే లోపలున్న మనిషి బతుకుతాడా?"

"అది మర్యాద కాదూ?"

"అనుమానమమ్మా. ఖాయంగా తెలియదని చెప్పడం."

పొద్దున ఫోనులో అన్నవన్నీ తల్లికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇల్లు ఇదేనట, ఖాయం కాదట. తనే తల్లట, అదీ ఖాయం కాదట. భర్త వంతు వచ్చేసరికి ఆమె మెట్టుమీద చతికిలబడిపోయింది. "నా నోటితో నేనే దాని ఉద్యోగం ఊడగొట్టానండీ."

అప్పుడే, వాచ్‌మన్ ఫోను చేస్తే, పక్క వీధిలో పనిలో ఉన్న అమ్మాయి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది. భుజాన పనిముట్ల సంచి, చెంపమీద గ్రీజు మరక. తల్లిని చూసింది, ఆగలేదు. లిఫ్టు తలుపు దగ్గర వంగి, "సార్, నేను మెకానిక్‌ని. లిఫ్టు పడదు," అంది.

"మీకు తెలిసినంతవరకేనా?" లోపలి గొంతు నీరసంగా అడిగింది.

"కాదు సార్. పడదు. బ్రేకూ తాళ్లూ ఆదివారం నా చేత్తో చూశాను. మూడో అంతస్తు తలుపు లాక్ ఒక్కటే చూడనివ్వలేదు, బాగానే ఉందని వాచ్‌మన్ తాళం ఇవ్వలేదు. ఆ లాక్ సరిగా బిగియకపోతే లిఫ్టు ఉన్నచోటే ఆగుతుంది. పడదు."

అంతవరకూ ఎడతెగకుండా మోగిన అలారం ఆగింది.

అమ్మాయి మేడమీది మిషన్ రూముకి వెళ్లి కరెంటు ఆపింది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టుని అంగుళం అంగుళం దించింది. మూడో అంతస్తుకి దిగివచ్చి తలుపు తెరిచింది. తల్లి మెట్లమీది నుంచి ఆ చేతులనే చూస్తోంది. పాలు తాగే రోజుల్లో ఆ వేళ్లు ఆమె కొంగు పట్టుకుంటే వదిలేవి కావు. ఇప్పుడు వణకని ఆ వేళ్లు పట్టుకుని ఒక పెద్దమనిషి బయటికి అడుగుపెట్టాడు.

ఇంట్లో చెవిలేని కప్పే మిగిలింది. అందులోనే టీ ఇస్తూ తల్లి జరిగిందంతా చెప్పేసింది. "దీన్ని నేనే కన్నాను సార్. పద్దెనిమిది గంటలు నొప్పులుపడ్డాను. ఖాయం."

అధికారి నవ్వలేదు. కాగితం తీశాడు. "చివరి ప్రశ్న అమ్మా. ఈ పని మీ అమ్మాయి చేయగలదా?"

ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకే తల్లి తిండి మానేసింది. "చేస్తుంది సార్," అంది.

"మీకు తెలిసినంతవరకా?"

"లేదు సార్. ఇప్పుడే కళ్లారా చూశాను."

అధికారి టీ మొత్తం తాగి లేచాడు. లాక్ సరిచేశామని, ఇప్పుడు హండ్రెడ్ పర్సెంటని వాచ్‌మన్ వెంటపడుతున్నా, రెయిలింగు పట్టుకుని మెట్లమీదే దిగిపోయాడు.

వారంలో ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం వచ్చింది, దానితోపాటు ఫారం నకలు కూడా. తల్లి పేరు పక్కన ఆ పొద్దున ఫోనులో మాట్లాడుతూ పెట్టిన ప్రశ్నార్థకాన్ని అధికారి శుభ్రంగా కొట్టేశాడు. తండ్రి పేరు పక్కనున్నది మాత్రం మరిచిపోయాడు.