మొదటి దగ్గు

పెళ్ళయి నూట పదకొండు రోజులైంది. ఆ అంకెను డెల్ఫినా వంటింటి క్యాలెండరు మీద రోజూ పొద్దున్నే పెన్సిలుతో రాస్తుంది. అలా రాయడానికి ఆమె చెప్పే కారణం ఒక్కటే: రాస్తుంటే బాగుంటుంది. ఆ శనివారం నూట పదకొండు పక్కన ఇంకో మాట కూడా రాసింది: "నాన్న పాట, సాయంత్రం ఆరింటికి."

కాఫీ తాగాలి, టెల్మో కోటు ఇస్త్రీ చేయాలి, మధ్యాహ్నం పుట్టింట్లో భోజనం చేయాలి, ఆరింటికి నలభై కుర్చీల హాలుకు చేరాలి. ఇంత చిన్న పథకంలో తేడా రావడానికి చోటెక్కడుందని మురిసిపోతూ ఆమె రొట్టె కోస్తోంది. సరిగ్గా అప్పుడే పడకగదిలో టెల్మో దగ్గాడు.

"ఏంటది?"

"ఏం లేదు. గొంతులో కాస్త గరగర."

"ఇవాళా?"

"నేనేమన్నా పిలిచానా దాన్ని?" అని టెల్మో మళ్ళీ దగ్గాడు. ఈసారి కిటికీ అద్దం కూడా కదిలింది.

వేరే ఊళ్ళో అయితే ఇదొక చిన్న జలుబు. కోయింబ్రాలో మాత్రం పాట నచ్చితే చప్పట్లు కొట్టరు. పాట ముగియగానే గొంతు సవరించుకున్నట్టు దగ్గుతారు. ఎందుకలా అని అడిగితే ఒక్కో పెద్దాయన ఒక్కో కారణం చెబుతాడు. కారణం తెలియనంత మాత్రాన ఎవరూ దగ్గడం మానలేదు. పాట ఎంత బాగుంటే దగ్గు అంత నిండుగా వస్తుంది. అందుకే జలుబు చేసినవాణ్ణి కచేరీకి తీసుకెళ్ళడమంటే పెళ్ళి భోజనాల్లోకి ఆవును తోలడమే.

పైగా టెల్మో లిస్బన్ వాడు. అక్కడ చప్పట్లు కొడతారు. రెండేళ్ళ క్రితం అతను పని మీద ఈ ఊరు వచ్చి, వాన పడుతుంటే తలదాచుకోవడానికి ఆ హాల్లో దూరాడు. అది ఒకప్పటి ప్రార్థనాలయం. పైకప్పు కారుతోంది. వేదిక పక్కన ఒక రేకు బేసిను పెట్టారు. అందులో పడే చుక్కల లయకు గిటారు వాయించేవాళ్ళు తమ వేగాన్ని సర్దుకున్నారు. పక్క కుర్చీలోని అమ్మాయి ఏమీ అనకుండానే తన గొడుగును సగం అతని వైపు జరిపింది. పాట ముగిసింది. దగ్గు మొదలయ్యే ముందు ఆ ఊరివాళ్ళు ఒక్క క్షణం ఊపిరి బిగబడతారు. ఆ నిశ్శబ్దంలో టెల్మో లేచి నిలబడి టపటపా చప్పట్లు కొట్టాడు.

"ఎవరయ్యా అక్కడ, దోమల్ని చంపుతున్నది?" అన్నాడు వేదిక మీది గాయకుడు.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. గొడుగు ఒరిగి, నీళ్ళన్నీ టెల్మో మెడలోకి పోయాయి. అమ్మాయి పేరు డెల్ఫినా. గాయకుడు ఆమె తండ్రి జెర్వాసియో. ఆ కచేరీని భార్యాభర్తలిద్దరూ వారానికి రెండుసార్లయినా తలుచుకుంటారు. బేసిను నీలం రంగని అతనంటాడు, తెలుపని ఆమె అంటుంది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గరు.

ఆ తర్వాత మరమ్మతుల కోసం హాలు మూసేశారు. జెర్వాసియోకు గొంతు ఆపరేషన్ అయింది. ఇక పాడవచ్చని డాక్టరు చెప్పి ఏడాదైనా ఆయన నోరు విప్పలేదు. కూతురి పెళ్ళిలో కూడా పెదవులు కదిపి ఊరుకున్నాడు. కొత్త పైకప్పుతో హాలు తెరుస్తున్నామని బతిమాలితే చివరికి ఒప్పుకున్నాడు. "ఒక్క పాటే. జాలి దగ్గేదో నిజం దగ్గేదో నాకు తెలుసు. జాలి వినిపించిందా, పాటకి వేసుకునే నా నల్ల అంగీ ఆ రోజే పెట్టెలోకి పోతుంది. మళ్ళీ బయటికి రాదు" అన్నాడు.

"నువ్వు తలుపు పక్కన ఆఖరి కుర్చీలో కూర్చో. నోట్లో దగ్గుబిళ్ళ పెట్టుకో. ఊపిరి కూడా నన్నడిగి పీల్చు" అంది డెల్ఫినా.

"సరే" అన్నాడు టెల్మో. మేజోళ్ళు ఆరాయేమో చూద్దామని కిటికీ తెరిచాడు.

పై అంతస్తు కితేరియా దండెం మీద దుప్పట్లు ఆరేస్తూ పాడుతోంది. ఆ ఊళ్ళో కచేరీ పాటలు మగవాళ్ళే పాడాలని ఎప్పట్నుంచో వాడుక. అందుకే నలభై ఏళ్ళుగా ఆమె పాట విన్నవి దుప్పట్లే. చల్లగాలి తగలగానే టెల్మోకు దగ్గు పొంగుకొచ్చింది. సరిగ్గా ఆమె చరణం ముగించిన చోట, వరసగా మూడు.

పైనుంచి ఒక తల తలకిందులుగా కనిపించింది.

"టెల్మో బాబూ! నువ్వేనా?"

"నేనే పిన్నిగారూ, క్షమించండి..."

"క్షమించడమేంటి నాయనా! మా ఆయన బతికుండగా నా పాటకి ఒక్కసారంటే ఒక్కసారి దగ్గాడు. అదీ చేపముల్లు అడ్డం పడి!" ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇంకోటి విను."

ఇంకోటి పాడింది. టెల్మో పళ్ళు బిగించాడు, మేజోడు నోట్లో కుక్కుకున్నాడు. అయినా నాలుగు బయటపడ్డాయి.

"సాయంత్రం నేనూ వస్తున్నా. టోపీ పెట్టుకుని మరీ వస్తున్నా!" అని తల మాయమైంది.

"జలుబని చెప్పేయనా?" అన్నాడు టెల్మో.

"ఆమె మొహం చూశాక కూడా? నీకు మనసెలా ఒప్పుతుంది?" అంది డెల్ఫినా.

పుట్టింటికి వెళ్ళే మెట్లదారిలో కత్తులు సానబట్టే ఆయన ఎదురయ్యాడు. వచ్చానని వీధికి తెలియడానికి ఆయన చిన్న పిల్లనగ్రోవి ఊదుతాడు. టెల్మో దగ్గాడు. ఆయన సైకిలు ఆపి, టోపీ తీసి వంగి నమస్కరించి, ఊదిందంతా మళ్ళీ మొదట్నుంచి ఊదాడు. టెల్మో మళ్ళీ దగ్గాడు. అలా ముగ్గురూ కలిసే మెట్లెక్కారు.

అత్తగారు అల్బెర్టినా ఏ జబ్బుకైనా ఒకే సీసా తీస్తుంది. క్యారెట్ ముక్కలు, చక్కెర పొరలు పొరలుగా వేసి నిలవ ఉంచిన పాకం అది. అల్లుడి నోట్లో రెండు చెంచాలు పోసి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. "ష్. లోపల పాడుతున్నాడు. రెండేళ్ళ తర్వాత ఇదే మొదటిసారి."

మూసిన తలుపు వెనక జెర్వాసియో భయం భయంగా, చన్నీళ్ళలో కాలు పెట్టినట్టు పాడుతున్నాడు. టెల్మో సోఫా దిండులో మొహం దాచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరి స్వరం దాకా ఎలాగో ఆపాడు. అది ముగియగానే దిండును చీల్చుకుని వచ్చినట్టు ఒక దగ్గు వచ్చింది.

తలుపు తెరుచుకుంది. చెప్పులు లేకుండా, కళ్ళు చెమర్చి, జెర్వాసియో నిలబడి ఉన్నాడు.

"ఎవరది?"

తల్లీకూతుళ్ళిద్దరూ టెల్మో వైపు వేళ్ళు చూపించారు.

"నువ్వా? చప్పట్లవాడివా?"

"అదికాదు మామగారూ, నాకు..." డెల్ఫినా అతని కాలు తొక్కింది.

"సరైన చోట. సరైన బరువుతో" అన్నాడు జెర్వాసియో. అల్లుణ్ణి దగ్గరికి లాక్కుని వీపు తట్టాడు. నూట పదకొండు రోజుల్లో ఇదే మొదటిసారి. "సాయంత్రం మొదటి వరసలో మధ్య కుర్చీ నీది. మొదటి దగ్గూ నీదే. నువ్వు దగ్గేదాకా ఇంకెవరూ దగ్గకూడదని చెప్పిస్తా."

"నాకు తలుపు పక్క కుర్చీ అయితే..."

"మొదటి వరస అన్నానా!"

వంటింట్లో టెల్మో గుసగుసగా అన్నాడు. "ఇది మోసం డెల్ఫినా. చెప్పేద్దాం."

"నాన్న రెండో గిన్నె సూప్ అడిగాడు. ఆపరేషన్ తర్వాత ఎప్పుడైనా అడిగాడా? పాట సేపు నాలుగు నిమిషాలు ఆపుకో. తర్వాత ఒక్కసారి దగ్గు. నీకున్న జలుబుకి అదేమన్నా కష్టమా?"

ఇంతలో ఫోను మోగింది. అల్బెర్టినా ఎత్తి, విన్నది విన్నట్టే పైకి చెప్పింది. ఆమెకు ఇంకోరకంగా మాట్లాడటం రాదు. "కితేరియా. మన అల్లుడికి పాట తెలుసట. పొద్దున తన పాటకి దగ్గాడట."

జెర్వాసియో చెంచా గాలిలో ఆగింది. "ఎన్ని?"

"ఏడట."

"దండెం పాటకి ఏడు. నాకు ఒకటి."

అప్పుడే వీధిలో పిల్లనగ్రోవి వినిపించింది. టెల్మో రుమాలు తీసేలోపే దగ్గు వచ్చేసింది.

"కత్తులాయనక్కూడానా!" జెర్వాసియో చెంచా కింద పెట్టేశాడు. "సరే. నీ దగ్గు విలువెంతో సాయంత్రం తెలుస్తుంది."

రెండో గిన్నె సూప్ అలాగే చల్లారిపోయింది. ఆ గిన్నెను చూస్తూ డెల్ఫినా మొదటిసారి భయపడింది.

ఆరింటికి హాలు నిండింది. కొత్త దూలాల చెక్క వాసన వస్తోంది. పాత బేసినులో పూలు పెట్టి గుమ్మం దగ్గర ఉంచారు. అది ఆకుపచ్చది. భార్యాభర్తలు దాన్ని చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, ఆ విషయం మళ్ళీ ఎత్తకూడదని కళ్ళతోనే ఒప్పందం చేసుకున్నారు. రెండో వరసలో కితేరియా టోపీ వెడల్పుగా పరుచుకుంది. మొదటి దగ్గు అల్లుడిగారిదని హాలు నడిపే పెద్దాయన ప్రకటించగానే అందరూ మెడలు సాచి చూశారు. అల్లుడుగారు అప్పుడు అత్తగారి చేతి ఏడో చెంచా మింగి, మూడు దగ్గుబిళ్ళలు ఒకేసారి బుగ్గన పెట్టుకుంటున్నారు. దీపాలు తగ్గించేదాకా రుమాల్లోకి చప్పుడు కాకుండా దగ్గుతూనే ఉన్నారు.

జెర్వాసియో నల్ల అంగీ కొక్కెం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గిటార్లు మొదలయ్యాయి.

గొంతు పాతబడింది. ఒకచోట సన్నగా చీలింది కూడా. ఆయన ఆ చీలికను దాచలేదు. కాలుజారిన మెట్టు మీద ఒక్క క్షణం నిలబడి, అక్కణ్ణుంచే పై మెట్టు ఎక్కినట్టు పాట పైకి లేచింది. డెల్ఫినా మొదట భర్త గొంతుకాయ వైపే చూసింది. తర్వాత చూడటం మర్చిపోయింది. టెల్మోకు ఆ వాన గుర్తొచ్చింది. సగం గొడుగు తన వైపు జరిగిన ఆ క్షణం గుర్తొచ్చింది. ఆ పాట అప్పుడే ముగిసిపోయిందంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు.

నిశ్శబ్దం. ఎవరూ దగ్గలేదు. అందరూ టెల్మో కోసం చూస్తున్నారు.

టెల్మో నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గుండెల మీద తట్టుకున్నాడు. "ఖ్" అని ఒక గాలి బయటికొచ్చింది, అంతే. గొంతులో నూనె పోసినట్టుంది.

"దగ్గు!" అంది డెల్ఫినా పళ్ళ మధ్యనుంచి.

"రావట్లేదు!"

"పొద్దుట్నుంచీ మా ప్రాణం తీశావుగా! ఇప్పుడొక్కటి!"

"నాకు ఏడు దగ్గావు బాబూ" అని వెనకనుంచి టోపీ గుర్తుచేసింది.

జెర్వాసియో నవ్వడానికి ప్రయత్నించాడు. "పర్లేదయ్యా. అడిగి తెప్పించుకుంటే అది దగ్గెలా అవుతుంది?" ఆయన చేయి మెడ దగ్గరి కొక్కెం మీదికి పోయింది.

టెల్మో లేచి నిలబడ్డాడు. "ఆగండి మామగారూ. నాకు జలుబు."

హాలంతా కదిలింది.

"పొద్దున లేచినప్పట్నుంచీ జలుబు. కితేరియా పిన్నిగారికి దగ్గింది జలుబే. కత్తులాయనకీ జలుబే. మధ్యాహ్నం మీకు దగ్గిందీ... అదీ జలుబే. వరసగా రెండు నిమిషాలు దగ్గకుండా ఉన్నది లేదు. మీరు మొదలుపెట్టినప్పుడు నోట్లో మూడు బిళ్ళలున్నాయి." అరచేతిలోకి ఉమ్మి చూపించాడు. "మూడూ అలాగే ఉన్నాయి. చప్పరించడం కూడా మర్చిపోయాను. దగ్గు నేను ఆపుకోలేదు మామగారూ. అది కూడా వింటూ కూర్చుంది."

జెర్వాసియో వేదిక అంచుకు వచ్చి, వంగి, ఆ మూడు బిళ్ళలనూ చాలాసేపు చూశాడు.

"యాభై ఏళ్ళు పాడాను. నా పాటకి దగ్గినవాళ్ళు ఊరంతా ఉన్నారు. నా పాటకి దగ్గు ఆగినవాడు..."

"అది నా క్యారెట్ పాకం వల్ల..." అంది అల్బెర్టినా.

"అల్బెర్టినా!" అంది హాలంతా ఒక్క గొంతుతో.

"నేను ఊరికే చెప్తున్నా."

సరిగ్గా అప్పుడు టెల్మోకు దగ్గు తిరిగొచ్చింది. వంగి, కుర్చీ పట్టుకుని, పదకొండు దగ్గాడు. మొదటి దగ్గు పడటమే తరువాయి, హాలంతా అందుకుంది. ముందు వరస, వెనక వరస, గిటార్లవాళ్ళు, కత్తులాయన అందరూ దగ్గారు. అంతసేపటి నుంచి ఆపుకున్న నలభై కుర్చీల దగ్గుకు కొత్త దూలాలు కూడా అదిరాయి. అందులో జాలి దగ్గు ఒక్కటీ లేదు. జెర్వాసియో చేయి కొక్కెం మీదినుంచి కిందికి దిగింది.

"మరి నా సంగతేంటి?" టోపీ లేచి నిలబడింది. "నాది జలుబు పాటేనా?"

జెర్వాసియో ఆమెను చూశాడు, అల్లుణ్ణి చూశాడు. ఇన్నేళ్ళ వాడుకను కూడా ఒకసారి తలుచుకున్నట్టున్నాడు. "పైకి రండి కితేరియాగారూ. జలుబు లేనివాళ్ళు ఈ కుర్చీల్లో ఇంకా ముప్పైఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళనే అడుగుదాం" అని చేయి అందించాడు.

ఆమె టోపీ తీయకుండానే పాడింది. ముప్పైఎనిమిది మందీ దగ్గారు. ఆమె ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టుకుంది.

ఇంటికి వెళ్ళే దారిలో వాన లేకపోయినా డెల్ఫినా గొడుగు తెరిచి సగం టెల్మో వైపు జరిపింది. మర్నాడు పొద్దున క్యాలెండరు మీద నూట పన్నెండు రాస్తూ ఆమె తుమ్మింది. ఆదివారానికి అల్బెర్టినా, సోమవారానికి కితేరియా, గిటార్లవాళ్ళు, కత్తులాయన, మొత్తం నలభై కుర్చీలూ మంచమెక్కాయి.

ఆ వారమంతా కోయింబ్రాలో ఎవరు ఏ మూల కూనిరాగం తీసినా అపూర్వమైన ఆదరణ లభించింది.