నలభై డాలర్ల తేడా

ఆ శనివారం పొద్దున్న సుబ్బరాజుగారు పెట్టుకున్న పనులు రెండే. కాఫీ తాగగానే సెప్టెంబరు నెల లెక్క ముగించడం, ఆ తరువాత పెరట్లో రాలిన మేపుల్ ఆకులు ఊడ్చి సంచులకెత్తడం. కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో ఇల్లు కొన్న ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఏ నెల లెక్కా మరుసటి నెల మొదటి శనివారం దాటలేదు. విద్యుత్ సంస్థలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. వోల్టేజీలో హెచ్చుతగ్గులను ఉద్యోగంలో ఎంత సహించారో, లెక్కలో హెచ్చుతగ్గులను ఇంట్లో అంతే సహించేవారు. అంటే బొత్తిగా సహించేవారు కాదు.

నలుగురూ కలిసి ఎక్కడికి వెళ్లినా బిల్లు ఆయన కార్డు మీదే పడేది. "నేను కట్టేస్తాను, మీరు తరవాత పంపండి" అనడం ఆయనకు సరదా. కార్డుకు పాయింట్లు వస్తాయన్నది ఒక కారణమైతే, ఇంటికొచ్చి ఎవరి వాటా ఎంతో సెంట్లతో సహా తేల్చి 'రావలసినవి' అనే ఆన్‌లైన్ షీటులోకి ఎక్కించడం అసలు కారణం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలెవరైనా బడ్జెట్ గురించి అడిగితే ఆయన కళ్లు మెరిసేవి. "తిరిగొచ్చిన డబ్బు ఆదాయం కాదమ్మా. మన డబ్బే నాలుగూళ్లు చూసి ఇంటికొచ్చింది. దాన్ని ఆదాయంలో రాసుకున్నావా, మళ్లీ ఖర్చుపెట్టేస్తావు" అని చెప్పి, తొమ్మిదేళ్ల షీటును పెళ్లి ఆల్బమ్ చూపించినట్టు చూపించేవారు.

ఆ షీటులో ఈ నెల ఒక ఎర్రగడి మిగిలింది.

పదిహేను రోజుల క్రితం నాలుగు జంటలు వ్యాను అద్దెకు తీసుకుని అల్గాంక్విన్ పార్కులో రంగులు మారిన ఆకులు చూసివచ్చారు. అద్దె, పెట్రోలు కలిపి ఏడువందల నలభై అయిదు డాలర్ల అరవై సెంట్లు. జంటకు నూట ఎనభై ఆరు డాలర్ల నలభై సెంట్లు. రెండు జంటలు సెంటు తేడా లేకుండా పంపారు. డాక్టర్ భీమారావు, పద్మిని దంపతుల దగ్గర్నుంచి మాత్రం నూట నలభై ఆరు డాలర్ల నలభై సెంట్లే వచ్చింది.

"నలభై తక్కువొచ్చింది భ్రమరా" అన్నారు సుబ్బరాజుగారు, భార్య కాఫీ కప్పు తీయడానికి వచ్చినప్పుడు.

"ఎవరి దగ్గర్నుంచి?"

"డాక్టరు దగ్గర్నుంచి."

"ముప్పై ఏళ్ల స్నేహమండీ. నలభై డాలర్లకి ఫోన్ చేస్తారా ఏంటి?"

"డబ్బు గురించి కాదు. షీటు గురించి."

భ్రమరాంబగారు ఏదో చెప్పబోయారు. ఇంతలో పొయ్యి మీద ఉప్మా అడుగంటుతున్న వాసన రావడంతో వంటింట్లోకి పరుగెత్తారు.

అడగడం మర్యాద కాదు. వదిలేయడం తన వల్ల కాదు. సుబ్బరాజుగారు మధ్యేమార్గం కనిపెట్టారు. ఎవరి పేరూ ఎత్తకుండా షీటు లింకును ప్రయాణం చేసిన ఎనిమిదిమందికీ పంపితే డాక్టరే చూసుకుంటాడు. కింద ఎంతో మర్యాదగా ఇలా టైపు చేశారు: "లెక్క పంపుతున్నాను. మీ పేరు ఎదురుగా ఉన్న అంకె చూసుకోండి. తేడా ఉంటే మీరే సరిచేయగలరు. తొందరేమీ లేదు."

ఆ ఎనిమిదిమంది ఉన్న వాట్సాప్ గ్రూపు పేరు 'మిత్రులు'. దాని కిందే ఉన్నది 'మిత్రమండలి'. ఊళ్లోని తెలుగు సంఘం గ్రూపు అది. అందులో రెండువందల పన్నెండుమంది ఉన్నారు. సుబ్బరాజుగారి బొటనవేలు కొంచెం లావు. పంపేసి, ఫోను ఛార్జింగుకు పెట్టి, ఆకులూడ్చే పళ్లకర్ర పుచ్చుకుని తృప్తిగా పెరట్లోకి వెళ్లారు.

గంటన్నర తరువాత పదకొండు సంచులు వరసగా నిలబెట్టి లోపలికి వచ్చేసరికి భ్రమరాంబగారు ఫోనును దూరంగా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇది ఆగకుండా మోగుతోందండీ. బ్యాంకు నుంచిట. ఎవరెవరో డబ్బులు పంపుతున్నారు."

"ఎవరెవరో అంటే?"

"రాగిణి ముప్పై నాలుగు. శాంతమ్మగారు అరవై. దమయంతి నూట పన్నెండు. 'ఆలస్యమైనందుకు క్షమించండి అంకుల్' అని రాసింది పాపం."

సుబ్బరాజుగారు ఫోను లాక్కుని చూశారు. పద్దెనిమిదిమంది పంపారు. చూస్తుండగానే పంతొమ్మిదో మనిషి కూడా పంపాడు. వీళ్లంతా ఏనాడో తీర్చేసినవాళ్లు. రాగిణి ముప్పై నాలుగు డాలర్లు 2018లో ఎవరిదో పుట్టినరోజు కేకు తాలూకు వాటా. అప్పుడే ఇచ్చేసింది.

ఇంతలో కూతురు విద్య టొరంటో నుంచి ఫోన్ చేసింది. "డాడ్, యూ సెంట్ ఇట్ టు ద హోల్ అసోసియేషన్! వాళ్లంతా ఫోన్‌లో ఓపెన్ చేస్తున్నారు. ఫోన్‌లో ఫస్ట్ టూ కాలమ్సే కనిపిస్తాయి. పేరు, అమౌంట్. 'వచ్చింది' అన్న కాలమ్ పక్కకి జరిపితే గానీ కనపడదు."

"అంటే అందరూ బాకీ ఉన్నామనుకుంటున్నారా?"

"యెస్. అండ్ డాడ్, ఎనీవన్ కెన్ ఎడిట్ ఇట్."

సుబ్బరాజుగారు కుర్చీలో కూలబడ్డారు. ఆయనకు భయం వేసింది రెండో కాలమ్‌కి కాదు, మూడో కాలమ్‌కీ కాదు. అయిదో కాలమ్‌కి. దాని పేరు 'గమనిక'. తను తప్ప ఇంకొకరు చూడరన్న ధీమాతో తొమ్మిదేళ్లుగా మనసులో మాట రాసుకున్న చోటు అది.

ఫోన్లలో చూసినవాళ్లు డబ్బు పంపారు. కంప్యూటర్లలో చూసినవాళ్లు గమనికలు చదివారు. శాంతమ్మగారి పేరు పక్కన 'రెండుసార్లు గుర్తుచేయవలసి వచ్చింది' అని ఉంది. దమయంతి పక్కన 'బిర్యానీ తినలేదంటుంది, తిన్నది' అని ఉంది. డాక్టర్ భీమారావు పక్కన 'బిల్లు రాగానే ఈయనకు ఫోను వస్తుంది' అని ఉంది. భీమారావు ఇంట్లో కంప్యూటరు తెర గోడంత పెద్దది.

సుబ్బరాజుగారు తన కంప్యూటర్ తెరిచారు. షీటులో పేరు తెలియని వాళ్లంతా జంతువుల బొమ్మలతో కనిపిస్తున్నారు. ఒక జిరాఫీ, రెండు తాబేళ్లు, ఒక ఒంటె. ఆయన చూస్తుండగానే ఒంటె కింది వరసలో టైపు చేయడం మొదలుపెట్టింది.

'సుబ్బరాజును ఎయిర్‌పోర్టులో దింపినవి, తెచ్చినవి: 14 ట్రిప్పులు. ఒక్కొక్కటి 65. మొత్తం 910.'

"ఈ ఒంటె డాక్టరే!" అన్నారు సుబ్బరాజుగారు.

'మంచు తుపాను రోజు సుబ్బరాజు కారును గుంటలోంచి లాగినది: 150. రాత్రి పన్నెండుకు ఛాతీలో నొప్పి అంటే వెళ్లి చూసినది, గ్యాస్ అని తేల్చినది: 200.'

ఒంటెను చూసి తాబేళ్లకు ధైర్యం వచ్చింది. 'గోంగూర పచ్చడి, ఏడు సీసాలు: 84' అని ఒకటి రాసింది. 'సుబ్బరాజుగారి టాక్స్ ప్రసంగం రెండు గంటలు విన్నందుకు: 50' అని రెండోది రాసింది. చూసినవాళ్లు మరికొందరూ తలో వరస చేర్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకు షీటు అడుగున మొత్తం దానంతటదే మారిపోయింది. పొద్దున్న నలభై డాలర్లు రావలసిన సుబ్బరాజుగారు ఇప్పుడు రెండువేల మూడువందల ఆరు డాలర్లు ఇవ్వవలసినవారయ్యారు.

కోపంగా వరసలు చెరిపేయబోతుంటే అన్నిటికన్నా కింద ఒక గడి కనిపించింది. జిరాఫీ రాసింది. 'భ్రమరాంబ వదిన ఆపరేషన్ అప్పుడు పద్దెనిమిది రోజులు క్యారేజీ.' పక్కన అంకె లేదు.

ఆయన ఆ ఖాళీ గడిని చాలాసేపు చూశారు. పద్దెనిమిది రోజులూ రెండు పూటలా పద్మిని వచ్చింది. జనవరి నెల అది. గుమ్మంలో బూట్లు దులుపుకుని, "చారు వేడిగానే ఉంది అన్నయ్యగారూ, ముందు వదినకి పెట్టండి" అనేది. తొమ్మిదేళ్ల షీటులో ఆ జనవరి నెల ఉంది. ఆస్పత్రి పార్కింగు రుసుము రోజువారీగా ఉంది. క్యారేజీ మాత్రం లేదు. తన దగ్గర 'రావలసినవి' అన్న షీటు ఉంది గానీ, 'ఇవ్వవలసినవి' అన్న షీటు ఎప్పుడూ తెరవలేదని ఆయనకు మొదటిసారి తట్టింది. పద్దెనిమిది రోజులకు ఎంత వేయాలో లెక్కగట్టబోయారు. వేళ్లు కదలలేదు.

"నేను డాక్టరింటికి వెళ్లొస్తా" అన్నారు లేచి.

"నేనూ వస్తా. పొద్దున్న చెప్పబోయింది అక్కడ చెబుతా" అన్నారు భ్రమరాంబగారు కోటు తొడుక్కుంటూ.

రెండు వీధుల అవతల డాక్టర్ భీమారావు తలుపు తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఏమయ్యా రాజూ, బిల్లు రాగానే నాకు ఫోనొస్తుందా?"

"తప్పు రాశాను. క్షమించు."

"తప్పెందుకు రాస్తావు, నువ్వు రాసింది నిజమే! ఆ సంగతి పద్మినికి కూడా తెలిసిపోయింది, అదీ నా బాధ."

లోపల్నుంచి పద్మిని నవ్వు వినిపించింది. "రండి అన్నయ్యగారూ. ఆ నలభై సంగతి వదిన చెప్పలేదా? పార్కుకి వెళ్లే దారిలో పిజ్జాలు, కాఫీలు నేను కట్టాను కదా. నూట అరవై అయింది. మీ వాటా నలభై. అది పట్టుకుని మిగతాది పంపమని వదినే చెప్పింది."

సుబ్బరాజుగారు భార్య వైపు తిరిగారు. "మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే పిజ్జా బిల్లు అడుగుతారని" అన్నారు భ్రమరాంబగారు.

ఆయన నిజంగానే అడగబోయారు.

టీ తాగి ఇంటికొచ్చేసరికి ఖాతాలో ఇరవై ఏడుమంది పంపినవి మొత్తం రెండువేల ఆరువందల నలభై డాలర్లు ఉన్నాయి. అక్కడినుంచి సుబ్బరాజుగారు తనకు చేతనైన పని చేశారు. ఒక్కొక్కరికి ఫోన్ చేసి, క్షమాపణ చెప్పి, ఎవరి డబ్బు వాళ్లకు తిప్పి పంపడానికి కూర్చున్నారు. మొదటి ఫోను చరిత అనే అమ్మాయికి. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్‌లో ఉంటూ కాలేజీలో చదువుతోంది. ఆయన ఆమెను ఎన్నడూ చూడలేదు.

"నీ పేరు మా షీటులో లేదే తల్లీ? అందులో చరిత వేరే. వాంకోవర్ వెళ్లిపోయింది."

"తెల్వదంకుల్. నా పేరుంది, ఇరవై రెండు డాలర్లుంది. సంఘం పిక్నిక్‌కి ఒకసారి వచ్చిన కదా, అప్పుడు తిన్నదేమో అనుకొని పంపిన."

"పిక్నిక్‌లో తిన్నదానికి ఎవరూ డబ్బు తీసుకోరమ్మా. ఈ క్షణమే వెనక్కి పంపుతున్నా. వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రా." ఆ మాట అన్నాక ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఇది ఏ కాలమ్‌లో రాయాలో ఆలోచన రాలేదు.

మిగతావాళ్లు మాత్రం డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. "మీ గమనిక చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం, ఆ అరవై సంఘానికి రాసుకోండి" అన్నారు శాంతమ్మగారు. రాగిణీ అదే అంది. దమయంతి అయితే, "బిర్యానీ తిన్నాను అంకుల్, ఒప్పుకుంటున్నా. అది కూడా సంఘానికే" అంది. సాయంత్రం అయిదింటికి చరిత ఇరవై రెండు పోగా రెండువేల ఆరువందల పద్దెనిమిది డాలర్లు సంఘం పేరు మీద నిలిచాయి. ఎవరు ఎంత, ఎప్పుడు ఒప్పుకున్నారు అన్నది సుబ్బరాజుగారు కొత్త షీటులో నిమిషాలతో సహా రాశారు. ఈసారి గమనిక కాలమ్ పెట్టలేదు.

సంఘం అధ్యక్షురాలు సరోజన ఆ లెక్క చూసి ఆయన ఇంటికే వచ్చేసింది. "అన్నా, దీపావళికి హాలు అడ్వాన్సు రెండువేల అయిదువందలు కట్టాలె. ఆర్నెల్ల సంది అడుగుతున్నం, నాలుగువందలు దాటలే. నువ్వు ఒక్క పూటల ఎట్ల వసూలు చేసినవ్?"

"ఆకులూడుస్తూ" అన్నారు సుబ్బరాజుగారు, నిజాయితీగా.

మర్నాడు సర్వసభ్య సమావేశం. సుబ్బరాజుగారు ఉద్యోగ విరమణనాటి నీలం సూటు వేసుకుని వెళ్లారు. ఆయన హాల్లోకి అడుగుపెట్టగానే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అది ఎగతాళి అనుకుని తల వంచుకున్నారు, కాదని తెలిశాక ఛాతీ విరిచి నడిచారు. సరోజన ఆయన్ని కోశాధికారిగా ప్రతిపాదించింది. డాక్టర్ భీమారావు లేచి నిలబడి, "ఇంతకన్నా నిక్కచ్చి మనిషి ఈ దేశంలో లేడు. నాకన్నా ఆ సంగతి ఎవరికీ తెలియదు" అని బలపరిచారు. ముప్పై ఒక్క ఏళ్లు తానొక్కరే చూసుకుని మురిసిన పనిని ఇవాళ నూటపదిమంది చూస్తున్నారు. సుబ్బరాజుగారు ధన్యవాదాలు చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించి, చివరికి నమస్కారం పెట్టి కూర్చున్నారు.

ఓటింగుకు పెడితే నూటతొమ్మిదిమంది చేతులెత్తారు. వ్యతిరేకంగా లేచిన ఒకే ఒక్క చెయ్యి భ్రమరాంబగారిది.